చందమామ మీద ఏకశిల ఎందుకు లేదు

ఓరుగల్లు అంటే ఒంటి రాయి. కోటలోకి వెళ్లి ఏకశిల గుట్ట ముందు నిలబడితే ఆ పేరు ఎందుకు వచ్చిందో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. కింది నుంచి పైదాకా ఒకటే బండలా కనిపిస్తుంది. హన్మకొండలోని పద్మాక్షి గుట్ట కూడా అలాంటిదే. అక్కడి నుంచి కరీంనగర్ వైపు వెళ్తుంటే దారి పొడుగునా లేచి కనిపించే గుట్టల్లోనూ ఎక్కువ భాగం గ్రానైటే. సుమారు 250 కోట్ల ఏళ్ల కింద భూమి లోపల కరిగి ఉన్న శిల నెమ్మదిగా చల్లారి ఇలా గట్టిపడింది. ఇంతకాలం గడిచినా అంత పెద్ద ముక్క ఒక్కటిగా నిలబడి ఉంది.

చందమామలో మనకు తెల్లగా మెరిసే ఎత్తు ప్రాంతాల్లో ఇప్పటిదాకా ఇలాంటి బండ మనుషులకు దొరకలేదు. 1972 ఏప్రిల్‌లో అపోలో 16లో వెళ్లిన జాన్ యంగ్, చార్లీ డ్యూక్ నార్త్ రే అనే గుంత అంచున ఇల్లంత పెద్ద రాయిని చూశారు. దానికి హౌస్ రాక్ అనే పేరే పడింది. ఆ చుట్టుపక్కల అగ్నిపర్వతాల నుంచి వచ్చిన రాళ్లు దొరుకుతాయని అప్పటి భూగర్భ శాస్త్రవేత్తలు అనుకున్నారు. దొరికినవి దాదాపు అన్నీ బ్రెక్షియాలే. హౌస్ రాక్ కూడా బ్రెక్షియానే. అపోలో యాత్రలన్నింటిలో భూమికి తెచ్చిన రాళ్లలో అన్నిటికంటే పెద్దది, 11.7 కిలోలది, ఆ యాత్రలోనే దొరికింది. అదీ బ్రెక్షియానే.

బ్రెక్షియా అంటే అతుకుల రాయి. స్లాబు పగలగొట్టినప్పుడు బయటపడే కాంక్రీటు ముక్కను చూస్తే ఇది వెంటనే అర్థమవుతుంది. అందులో కోసు అంచుల కంకర ఉంటుంది, మధ్యలో డస్ట్ ఉంటుంది, అన్నిటినీ పట్టి ఉంచే సిమెంటు ఉంటుంది. చంద్రుడి బ్రెక్షియాలో సిమెంటు పనిని ఉల్క పడిన దెబ్బకు కరిగి, మళ్లీ గట్టిపడిన రాయి చేస్తుంది. ఇంకో విశేషం ఉంది. ఈ రాళ్లను పలచటి పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే, లోపలి కంకర ముక్కల్లో కొన్ని స్వయంగా పాత బ్రెక్షియా ముక్కలని తేలుతుంది. అంటే పగిలి, అతుక్కుని, మళ్లీ పగిలి, మళ్లీ అతుక్కున్న రాయి. ఒక్క రాయిలోనే ఇన్ని దెబ్బల లెక్క కనిపిస్తుంటే, మొత్తం నేల సంగతి ఏమిటి?

ఉల్కలు పడ్డాయి కాబట్టి పగిలింది అనేది అందరికీ తెలిసిన జవాబు. అది నిజమే కానీ చాలదు. ఉల్క పడితే గుంత పడుతుంది, సరే. గుంతకు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న రాయి ఎందుకు పగిలింది? కాళ్ల కింద ఎన్నో కిలోమీటర్ల లోతున ఉన్న రాయి ఎందుకు పగిలింది? దీనికి జవాబు రాళ్లు కొట్టే పని దగ్గర ఉంది.

ఇప్పుడు కరీంనగర్ క్వారీల్లో పెద్ద బ్లాకులను డైమండ్ వైరుతో కోస్తున్నారు. అంతకుముందు తరాల వాళ్ల పద్ధతి వేరు. బండ మీద ముందు సుద్దతో గీత గీస్తారు. గీత వెంట జానెడు దూరానికొకటి చొప్పున ఉలితో చిన్న గుంటలు తొలుస్తారు. ఒక్కో గుంటలో ఒక్కో ఇనుప మేకు నిలబెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు సమ్మెటతో వరసగా ఒక్కో దెబ్బ వేస్తూ పోతారు, మళ్లీ మొదటికొస్తారు. మొదట్లో మేకు ఖంగుమని మోగుతుంది. కొన్ని వరసలయ్యాక ఆ మోత బొంగురుపోతుంది. చేయి తిరిగినవాళ్లు అక్కడ ఆగుతారు. కాసేపటికి సన్నగా చిటపటమనే చప్పుడు వచ్చి, టన్నుల బరువున్న బండ గీత వెంట రెండుగా విడిపోతుంది. ఎక్కడా పిండి కాలేదు, నలగలేదు. ఎందుకంటే మేకు రాయిని నొక్కలేదు, రెండు పక్కలకూ నెట్టి చీల్చింది.

రాయి బలం, బలహీనత రెండూ ఇక్కడే ఉన్నాయి. మంచి గ్రానైటు చదరపు సెంటీమీటరుకు 1,500 కిలోల ఒత్తిడిని కూడా తట్టుకుంటుంది. అదే రాయిని రెండు వైపులా పట్టి లాగితే, అందులో పదో వంతు బలానికో, ఇంకా తక్కువకో తెగిపోతుంది. వేయి స్తంభాల గుడిలో స్తంభాలు ఎనిమిది వందల ఏళ్లకు పైగా బరువు మోస్తూ నిలబడటానికి, సుత్తి తప్పుగా తగిలితే రాతి దూలం అడ్డంగా పగిలిపోవడానికి కారణం ఈ తేడానే.

ఇప్పుడు చంద్రుడి మీదికి సెకనుకు 15, 20 కిలోమీటర్ల వేగంతో ఒక గ్రహశకలం వచ్చి తగిలిందనుకుందాం. తగిలిన చోట రాయి ఆవిరవుతుంది, కరుగుతుంది. అక్కడి నుంచి ఒక షాక్ తరంగం అర్ధగోళంలా లోపలికి, పక్కలకు పరుచుకుంటూ పోతుంది. తరంగం ముందు అంచు రాయిని నొక్కుతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ నొక్కుడు బలహీనపడి, కొంత దూరం దాటాక రాయిని నలగ్గొట్టే శక్తి దానికి ఉండదు. కానీ పని అక్కడితో అయిపోదు. తరంగం వెళ్తూ వెళ్తూ రాయిని బయటికి తోసేసి పోతుంది. బయటికి కదిలే ప్రతి పొరా ముందున్న దానికంటే పెద్ద వలయంలో సర్దుకోవాలి. రొట్టె పిండిని చేత్తో ఒత్తి వెడల్పు చేస్తుంటే అంచుల్లో చీలికలు వచ్చినట్టే, ఆ రాయి సాగదీతకు గురై చీలుతుంది. పైగా, నేల ఉపరితలాన్ని తాకి వెనక్కి మళ్లిన తరంగం నొక్కే తరంగంగా కాకుండా లాగే తరంగంగా మారుతుంది. నొక్కితే చెక్కుచెదరని రాయి లాగుడుకు ఓడిపోతుంది. అందుకే పగుళ్లు పరుచుకునే మేర గుంత మేర కంటే ఎంతో పెద్దది.

2022లో వెలువడిన కంప్యూటర్ నమూనాలు ఈ సాగదీత పగుళ్లను ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకున్నాయి. భారీ తాకిడి ఒక్కటి జరిగినా చాలు, పగుళ్లు పదుల కిలోమీటర్ల లోతుకు, గుంతకు చాలా దూరానికి చేరగలవని వాటిలో తేలింది. అంతకుముందు ఇంత పగులుకు లెక్కలేనన్ని చిన్న దెబ్బలు, కోట్ల ఏళ్ల ఓపిక కావాలనే ఊహ బలంగా ఉండేది. ఆ ఊహ ఇప్పుడు బాగా సడలిందనే చెప్పాలి.

అలాంటి భారీ తాకిడులు చంద్రుడికి ఒకటి రెండు కాదు. ఇలాంటి దెబ్బకు పడిన భారీ గుంతను బేసిన్ అంటారు. దక్షిణ ధ్రువం నుంచి అవతలి ముఖం మీదికి పరుచుకున్న సౌత్ పోల్-ఐట్కెన్ బేసిన్ వెడల్పు సుమారు 2,500 కిలోమీటర్లు. మన దేశం కశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా మూడు వేల పైచిలుకు కిలోమీటర్లు. ఇక బేసిన్ ఎంతో ఊహించుకోవచ్చు. దాని వయసు 420 కోట్ల ఏళ్లకు పైమాటే. మనకు కనిపించే వైపు ఇంబ్రియం బేసిన్ 1,100 కిలోమీటర్ల పైన ఉంటుంది, అది 390 కోట్ల ఏళ్ల కిందటి దెబ్బ. చివరి పెద్ద దెబ్బల్లో ఒకటైన ఓరియంటేల్ 930 కిలోమీటర్ల వెడల్పున, నీళ్లలో రాయి వేసినప్పటి వలయాల్లా మూడు వలయాలతో గడ్డకట్టి ఉంది. చందమామలో కుందేలని పిల్లలకు చూపించే నల్ల మచ్చలు చాలావరకు ఇలాంటి గుంతల్లోకి తర్వాత లావా ఎక్కి చల్లారిన మైదానాలే.

ఈ వయసులను ఏకశిల గుట్ట పక్కన పెట్టి చూడాలి. వరంగల్ గ్రానైటు గట్టిపడేనాటికి ఈ భారీ దెబ్బల కాలం ముగిసి వంద కోట్ల ఏళ్లు దాటింది. భూమి కూడా అవే దెబ్బలు తింది. పెద్దది, ఆకర్షణ ఎక్కువ కాబట్టి ఇంకా ఎక్కువే తిని ఉంటుంది. ఆనాటి భూమి పొర మాత్రం కరిగి, కుంగి, కొత్త రాయిగా మారి దాదాపుగా మిగలకుండా పోయింది. ఏకశిల అంత నిండుగా ఉందంటే అది దెబ్బలన్నీ అయిపోయాక పుట్టింది కాబట్టి.

లోపలికి ఎంత లోతు పగిలిందో ఎలా తెలుస్తుంది? ఇక్కడ బోరు వేయడం చూసినవాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. రిగ్గు మొదలైతే ముందు మట్టి వస్తుంది, తర్వాత మొరం. మొరం ఉన్నంత వరకూ కేసింగ్ పైపు దింపుతారు, లేకపోతే గోడలు కూలతాయి. ఆ తర్వాత బండ తగులుతుంది, హ్యామర్ మోత మారుతుంది, బూడిద రంగు పొడి ఎగజిమ్ముతుంది. ఇక రైతు ఇంటిల్లిపాదీ ఎదురుచూసేది గ్యాప్ కోసం. బండలో పగులు తగిలితే రాడ్డు జారినట్టవుతుంది, పొడి తడిసి వస్తుంది. ఎంత లోతుకు పోతే పగుళ్లు అంత తగ్గుతాయి. కొంత దాటాక ఎన్ని రాడ్లు దింపినా వట్టి పొడే. ఆ టెన్షన్ తెలిసినవాళ్లకు రాయి లోపల పగులు అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

చంద్రుడి నేల కూడా ఇదే వరసలో ఉంటుంది, కొలతలే వేరు. పైన రెగోలిత్ అనే దుమ్ము పొర ఉంటుంది. నల్ల మైదానాల్లో అది నాలుగైదు మీటర్లు, ఎత్తు ప్రాంతాల్లో పది పదిహేను మీటర్లు. దాని కింద పెద్ద తాకిడులు ఎగరగొట్టి కుమ్మరించిన రాళ్ల పొర కిలోమీటర్ల మందాన ఉంటుంది. దీనికి 1973లో విలియం హార్ట్‌మన్ మెగారెగోలిత్ అనే పేరు పెట్టారు. దాని కింద చోటు మారకుండా, ఉన్నచోటే పగిలిన బండ. ఆ పగుళ్లు దాదాపు 20 కిలోమీటర్ల లోతు వరకు తెరుచుకుని ఉన్నాయి. ఇక్కడి మొరం నీళ్ల వల్ల పుట్టింది. వాన నీరు వేల ఏళ్లు ఇంకి గ్రానైటులోని ఖనిజాలను మెత్తబరిస్తే మొరం అయింది. చంద్రుడి మీద వాన లేదు, గాలి లేదు. అక్కడి ప్రతి రేణువూ దెబ్బలకు నలిగిందే.

ఆ లోతుల గురించి మొదటి కబురు చప్పుడు ద్వారా వచ్చింది. 1969 నవంబర్ 20న అపోలో 12 వాళ్లు పని అయిపోయిన తమ వాహనం పై భాగాన్ని కావాలనే చంద్రుడి మీద కూల్చారు. అప్పటికే అక్కడ పెట్టి వచ్చిన భూకంప మాపకంలో ఆ కంపనం గంటసేపు నమోదైంది. మరుసటి ఏప్రిల్‌లో అపోలో 13 రాకెట్ దశను కూల్చితే మూడు గంటలకు పైగా. భూమి మీద అదే బరువు పడితే నిమిషాల్లో సద్దుమణుగుతుంది. కంపనం ఒక పగులును తాకి చెదిరి, మరో పగులును తాకి మళ్లీ చెదిరి, బయటపడే దారి దొరకక తిరుగుతూనే ఉంది. పగుళ్లలో నీటి చుక్క లేకపోవడంతో ఆ శక్తిని పీల్చుకునేదీ ఏమీ లేదు. పై పొరలో తరంగం వేగం సెకనుకు 100 మీటర్ల దగ్గర మొదలై, 20, 25 కిలోమీటర్ల లోతుకు చేరేసరికి ఆరు కిలోమీటర్లు దాటింది. అంటే అక్కడికి చేరాకే రాయి అసలు రాయిలా ప్రవర్తించడం మొదలుపెట్టింది.

ఈ కొలతలు చంద్రుడి మీద కొన్ని చోట్లవి మాత్రమే. మొత్తం చంద్రుడిని తూచిన పని నాసా గ్రెయిల్ యాత్రది. 2011 సెప్టెంబరులో బయల్దేరిన రెండు జంట నౌకలు, ఎబ్, ఫ్లో, 2012లో ఒకదాని వెనక ఒకటి చంద్రుడి చుట్టూ తక్కువ ఎత్తులో తిరిగాయి. కింద బరువైన రాయి వస్తే ముందున్న నౌక కొద్దిగా ముందుకు లాగబడుతుంది, రెండింటి మధ్య దూరం మారుతుంది. ఆ తేడాను వెంట్రుక మందం కంటే ఎంతో సన్నటి కొలతలో పట్టుకుని ఆకర్షణ పటం గీశారు. ఒక కొండ ఎంత ఎత్తుందో లేజర్ కొలతల నుంచి తెలుసు, అది ఎంత బలంగా లాగుతుందో గ్రెయిల్ చెప్పింది. రెండూ తెలిస్తే సాంద్రత వచ్చేస్తుంది.

వచ్చిన అంకె అందరినీ ఆశ్చర్యపరిచింది. ఎత్తు ప్రాంతాల్లో చంద్రుడి పైపొర (క్రస్ట్) సగటు సాంద్రత ఘనపు మీటరుకు 2,550 కిలోలు. అక్కడి రాయి పగుళ్లు లేకుండా ఉంటే 2,900 దగ్గర ఉండాలి. తేడా సుమారు 12 శాతం. రామప్ప గుడి గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయని ఇక్కడ అందరికీ తెలుసు. మట్టి తేలిక కాదు, మట్టి మధ్య ఉన్న ఖాళీలు ఇటుకను తేలిక చేశాయి. చంద్రుడి పొరలో కూడా జరిగింది అదే, ఖాళీ చేసిన చేయి వేరు. ఘనపు మీటరు రాయిలో వంద లీటర్లకు పైగా వట్టి ఖాళీ, అదీ ఒకటి రెండు చోట్ల కాదు, ఎత్తు ప్రాంతాల నిండా. కొన్నిచోట్ల 4 శాతమే ఉంటే కొన్నిచోట్ల 21 దాకా ఉంది. దీంతో ఆ పొర సగటు మందం కూడా 34 నుంచి 43 కిలోమీటర్ల మధ్యకు, అంటే అంతకుముందు అనుకున్నదానికంటే కిందికి దిగింది.

ఇన్ని వందల కోట్ల ఏళ్లు ఆ పగుళ్లు ఎందుకు మూసుకుపోలేదు? మొదటి కారణం బరువు. చంద్రుడి ఆకర్షణ భూమి మీద ఉన్నదాంట్లో ఆరో వంతు. అక్కడ 20 కిలోమీటర్ల లోతున రాయి మీద పడే ఒత్తిడి, ఇక్కడ మూడు కిలోమీటర్ల పైచిలుకు లోతుకే వచ్చేస్తుంది. పైనున్న బరువే తక్కువైతే పగులు నోరు మూసేదెవరు? రెండో కారణం నీరు లేకపోవడం. భూమి మీద పగుల్లోకి నీరు దిగి, కరిగిన సున్నాన్నో సిలికానో వదిలిపెట్టి, తెల్లటి చారలుగా అతికేస్తుంది. గ్రానైటు బండ మీద అడ్డంగా పోయే తెల్లటి చారల్లో కొన్ని ఇలా మూసుకుపోయిన పాత పగుళ్లే. ఇక భూమికి ఉన్న పలకల కదలికలు, మడతలు పడటాలు, కుంగడాలు అక్కడ లేవు. ఉపరితలం నుంచి చాలా లోతుకు పోతే లోపలి వేడికి రాయి మెత్తబడి పగుళ్లు పూడుకుంటాయి, అంతే.

గాలి లేకపోవడం వల్లే ఇదంతా జరిగిందనే మాట తరచూ వినిపిస్తుంది. అందులో సగమే నిజం. పదుల కిలోమీటర్ల గ్రహశకలాన్ని ఏ వాతావరణమూ ఆపలేదు. గాలి ఉంటే ఆగేవి చిన్న ఉల్కలు, అంటే పైనున్న సన్నటి దుమ్ము తక్కువ తయారయ్యేది. లోతైన పగుళ్లకు అసలు కారణం దెబ్బ, అవి నిలవడానికి కారణం తడి లేకపోవడం.

ఇక్కడి నుంచి అసలు చిక్కు మొదలవుతుంది. పగుళ్లను బట్టి దెబ్బలు లెక్కపెట్టొచ్చా? ఉపరితలం మీద గుంతలు లెక్కపెట్టడంలో ఒక ఇబ్బంది ఉంది. పలక మీద రాసిన దాని మీదే మళ్లీ రాస్తూ పోతే కొంతసేపటికి కొత్త అక్షరం పాతదాన్ని చెరిపేస్తుంది. చంద్రుడి ఎత్తు ప్రాంతాలు ఆ స్థితికి ఎప్పుడో చేరాయి. లోపలి పగుళ్లు చెరగవు కదా అనుకోవచ్చు. అవి కూడా ఒక హద్దు దాటాక పెరగవని గ్రెయిల్ లెక్కలే చూపించాయి. గట్టి బండ మీద దెబ్బ పడితే పగుళ్లు పెరుగుతాయి, ఆ గుంత కింద ఆకర్షణ తగ్గుతుంది. అప్పటికే గుల్లబారిన నేల మీద అదే దెబ్బ పడితే ఖాళీలు కుదించుకుపోతాయి, ఆకర్షణ పెరుగుతుంది. కొత్తగా పోసిన కంకర గుట్ట మీద రోడ్డు రోలర్ తిరిగితే ఏమవుతుందో అదే. రెండు రకాల గుంతలూ చంద్రుడి మీద ఉన్నాయి. ఒకే పని చేసే చెయ్యి ఒకచోట పగలగొట్టి, మరోచోట అణిచిందన్నమాట.

2022లో వచ్చిన మరో అధ్యయనం ఈ అణచివేతనే గడియారంగా వాడుకుంది. పడుచు బేసిన్ల చుట్టూ నేల ఎక్కువ గుల్లగా ఉంది, ముసలి బేసిన్ల చుట్టూ తక్కువగా ఉంది. ముసలివి కూడా పుట్టినప్పుడు అంతే గుల్లగా ఉండి, తర్వాత పడిన చిన్న దెబ్బలకు అణిగి ఉంటే, ఎంత అణిగాయో చూసి ఎన్ని దెబ్బలు తిన్నాయో లెక్కకట్టొచ్చు. 430 కోట్ల ఏళ్ల కింద పొరలో ఖాళీ 20 శాతం దగ్గర ఉండి, క్రమంగా 10 శాతానికి వచ్చిందని ఆ లెక్క. దాని ప్రకారం చంద్రుడు తిన్న దెబ్బలు ఇప్పుడు కనిపించే గుంతలకు దాదాపు రెట్టింపు. అంతకుముందు పది రెట్లన్న అంచనాలు కూడా ఉండేవి. పది రెట్లకు, రెండు రెట్లకు ఉన్న తేడా చిన్నది కాదు. ఆ గ్రహశకలాలు భూమికి మోసుకొచ్చిన నీరు, లోహాలు, అప్పటి భూమి ఎంత అతలాకుతలమైందన్న అంచనా అన్నీ ఆ అంకెతో పాటే దిగివస్తాయి. పగుళ్ల పనికి ఇంత విలువ ఉందని మొదట్లో ఎవరూ అనుకోలేదు, అందుకే ఈ అధ్యయనాన్ని కాస్త ఎక్కువ శ్రద్ధతో చదవాలి.

పగుల్లోకి లావా ఎక్కిన చోట్లు వేరే. రామప్పలో శిల్పాలు చెక్కిన నల్లరాయి డోలరైట్, గ్రానైటు చీలికల్లోకి కరిగిన శిల ఎగదన్ని గడ్డకట్టగా వచ్చేది. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైటును అడ్డంగా కోస్తూ ఇలాంటి నల్ల గోడలు చాలా పోతాయి. గ్రెయిల్ పటంలో చంద్రుడి పొర లోపల కూడా వందల కిలోమీటర్ల పొడవున తిన్నటి గీతలు బయటపడ్డాయి. అవీ అలాంటి గోడలేనని శాస్త్రవేత్తల అంచనా, పైకి మాత్రం ఏమీ కనిపించవు.

చంద్రుడొక్కడే కాదు. వెస్టా అనే గ్రహశకలం సగటు వ్యాసం 525 కిలోమీటర్లైతే, దాని దక్షిణాన ఉన్న రియాసిల్వియా గుంత వెడల్పే 500. ఆ దెబ్బకు మధ్యరేఖ చుట్టూ పెద్ద పెద్ద కాలువల్లా చీలికలు పడ్డాయి, 2011లో అక్కడికి చేరిన డాన్ నౌక వాటిని ఫోటో తీసింది. బుధుడి మీద 1,550 కిలోమీటర్ల కలోరిస్ బేసిన్‌కు సరిగ్గా అవతలి వైపు నేల ఛిన్నాభిన్నమై ఉంటుంది. తరంగాలు గ్రహాన్ని చుట్టివచ్చి అక్కడ ఎదురెదురుగా కలుసుకోవడమే దానికి ఎక్కువమంది చెప్పే కారణం. భూమి మీద ఇలాంటి దెబ్బ తిన్న రాయిని చేత్తో తాకాలంటే ఆదిలాబాద్ నుంచి 200 కిలోమీటర్లు దాటి పడమరకు, బుల్దానా జిల్లాలోని లోణార్ వెళ్లొచ్చు. అక్కడ 1.8 కిలోమీటర్ల గుంత నల్లరేగడి కింద ఉండే బసాల్టు రాయిలోనే పడింది. దాని అంచున దొరికే రాళ్లలో బ్రెక్షియాలూ ఉన్నాయి.

2023 ఆగస్టు 23న చంద్రయాన్ 3 దిగిన చోటు, సౌత్ పోల్-ఐట్కెన్ బేసిన్ అంచుకు సుమారు 350 కిలోమీటర్ల దూరంలో ఉంది. ప్రజ్ఞాన్ రోవర్ అక్కడ సుమారు వంద మీటర్ల దారిలో 23 చోట్ల ఆగి మట్టిని పరీక్షించింది. ఎక్కడ చూసినా దాదాపు ఒకే మట్టి, తొలినాళ్లలో కరిగిన శిలా సముద్రం మీద తేలి గడ్డకట్టిన తెల్లరాయి పొడి. అందులో మెగ్నీషియం మాత్రం కాస్త ఎక్కువ. ఆ భారీ దెబ్బ ఎక్కడో లోతు నుంచి తోడి పోసిన రాయి ఈ మట్టిలో కలిసి ఉండటమే దానికి కారణమని శాస్త్రవేత్తలు చెప్పారు. రోవర్ కెమెరా బొమ్మలను, కక్ష్యలోని నౌకల బొమ్మలను కలిపి చూసినప్పుడు ఇంకొకటి బయటపడింది. రోవర్ తిరిగిన చోటే 160 కిలోమీటర్ల వెడల్పున్న ఒక గుంత లోపల ఉంది. సౌత్ పోల్-ఐట్కెన్ కంటే పాతదైన ఆ గుంతను, ఆ దెబ్బకు ఎగిరి వచ్చిన రాళ్లు కిలోమీటరుకు పైగా మందాన కప్పేశాయి. దాని అంచు ఇప్పటికీ అరిగిన గట్టులా లీలగా కనిపిస్తుంది.